అసిరమ్మ నుదుటి విభూది

జీపు చప్పుడు వింటే చాలు, ఈ మధ్య అసిరమ్మ చేతిలో గరిటె ఆగిపోతోంది.

ఆమదాలవలస దాటాక రైలు పట్టాల పక్కనున్న బిషప్ గారింట్లో ఆమె వంటమనిషి. పుట్టింది పాతపట్నం అవతల, తెలుగూ ఒరియా కలగలిపి మాట్లాడే ఊళ్లో. మొగుడు పోయాక చంటిపిల్లాణ్ణి చంకనేసుకుని ఈ గేటు తోసుకొచ్చింది. ఆ పిల్లాడు త్రినాథ్ ఇప్పుడు ప్రభుత్వ హాస్టల్లో వాచ్‌మన్. ఎస్సీ కోటాలో వచ్చిన ఉద్యోగం.

ఇన్నేళ్లూ ఆమె బొట్టు ఆమెదే, బిషప్ మరియానందం గారి సిలువ ఆయనదే. వంటింటి గూట్లో అమ్మవారి పటం చూసి, "మీ తల్లి బాగుందా అసిరమ్మా?" అని అడుగుతారాయన.

"నిన్న పులుసు మిగిల్చీసినారని కోపంగున్నాది, ఫాదరు బాబూ."

గొడవ సముద్రం దగ్గర మొదలైంది. కొత్త రేవు కోసం ఒక జాలరిపేటను ఖాళీ చేయించబోతే, బిషప్ గారు తెల్లంగీతోనే వెళ్లి బుల్‌డోజరు ముందు ఇసకలో కూర్చున్నారు. కేసు పెట్టారు. బెయిలు వచ్చింది. మళ్లీ పేటకు వెళ్లారు. దాంతో పైవాళ్లకు ఇంకాస్త గట్టి కేసు కావలసి వచ్చింది. అది అసిరమ్మ నుదుటి మీద దొరికింది.

ఈస్టరుకు ముందు కథోలికులు ఉపవాసాలుండే తపస్సు కాలం విభూది బుధవారంతో మొదలవుతుంది. కిందటేడు మట్టల ఆదివారం నాడు చేతపట్టి తిరిగిన ఈత మట్టల్నే ఎండబెట్టి, కాల్చి, ఆ బూడిదతో నుదుట సిలువ గీస్తారు. ఆ ఇంట్లో మట్టలు కాల్చేది అసిరమ్మే, తన పొయ్యిలోనే. బూడిద చిత్రమైన పదార్థం. గంగ ఒడ్డున చితి దగ్గరా, కొండమీది మఠంలో ధుని దగ్గరా, గోవా చర్చిల్లో పీఠం దగ్గరా తలలు ఒకేలా వంగుతాయి. చిటికెడు తీసి చేతిలో పోస్తే ఏది ఎవరిదో పోల్చగలవాడు లేడు. అసిరమ్మకైతే పోల్చాలన్న ఊహే రాలేదు. విభూది పెడుతున్నారు, వరసలో నిలబడింది. బొట్టు మీద సిలువ పడింది. ఎవరో ఫోనులో తీసిన ఆ ఫొటో పోలీసుల దాకా పోయింది.

వారం తిరక్కుండా స్టేషన్ నుంచి కబురొచ్చింది. బిషప్ గారు స్వయంగా వంటింట్లోకి వచ్చారు.

"వాళ్లు అడిగినట్టే చెప్పమ్మా. పిల్లాడి ఉద్యోగం చూసుకో. నేనెలాగూ లోపలికి పోయేవాణ్ణే."

మాట్లాడుతూనే ఆయన రెండుసార్లు గేటు వైపు తిరిగి చూడటం అసిరమ్మ గమనించింది. అప్పటిదాకా ఆ మనిషికి భయమనేది లేదనుకుంది. ఆయనే భయపడ్డాక ఆమె పొయ్యి ఆర్పేసి, కొడుక్కి కబురు పెట్టింది.

స్టేషన్లో ఎస్సై ఉమాశంకర్ మర్యాదగానే కుర్చీ చూపించాడు. ఆ మర్యాదకే భయపడి ఆమె కుర్చీ అంచున కూర్చుంది.

"బలవంతంగా మతం మార్చాడని రాశాను. వేలిముద్ర వెయ్యి."

"ఎవులూ బలవంతం సెయ్యనేదు బాబూ. నా అంతట నేనే ఎల్లి నిల్సున్నాను."

"అయితే ఇష్టపడి మారావన్నమాట. మారితే ఎస్సీ కాదు. నీ కొడుకు సర్టిఫికెట్ తెప్పించి చూడమని రాస్తాను."

"మారనేదు బాబూ! మా అమ్మోరు నా గూట్లోనే ఉన్నాది."

"మారలేదంటే బలవంతంగా పెట్టాడనేగా?"

"ఏటి బాబూ, అది ఇబూది! నా పొయ్యిలో నేనే కాల్సినాను. ఇబూది పెట్టుకుంటే మతం మారిపోతాదా?"

పక్కనున్న కానిస్టేబులు నవ్వబోయి, ఎస్సై మొహం చూసి మింగేశాడు. ఆ కానిస్టేబులు నుదుటన కూడా పొద్దుటి విభూది అడ్డంగా ఉంది.

"బలవంతమా, ఇష్టమా, ఇక్కడ రెండే ఉన్నాయి. ఏదో ఒకటి తేల్చు." ఎస్సై సిరా డబ్బీ ముందుకు తోశాడు.

అసిరమ్మ బొటనవేలు లోపలికి ముడిచి పిడికిలి బిగించింది. ఆ పిడికిలిని కొంగులో చుట్టుకుంది. ఎస్సై ఎంతసేపు చూసినా విప్పలేదు.

"పోయి ఆలోచించుకో. ఈసారి మేమే వస్తాం," అన్నాడు ఎస్సై.

బయట త్రినాథ్ బండి మీద కూర్చునున్నాడు.

"ఏటి సెప్పినావమ్మా?"

"నిజం సెప్పినాను."

"ఏ నిజమే? నా ఉద్యోగం తీసేదా, ఫాదర్ని లోపలేసేదా?"

ఆమె బండి వెనక ఎక్కి కూర్చుంది. దారి పొడుగునా వాడి భుజం మీద వేసిన చెయ్యి తియ్యలేదు.

మర్నాడు పొద్దున్న గంజి వారుస్తుంటే గేటు దగ్గర జీపు ఆగింది. గిన్నె మీద మూత పెట్టింది. లోపలి గదిలోంచి బిషప్ గారి చెప్పుల చప్పుడు గుమ్మం వైపు వస్తోంది. అసిరమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, బొటనవేలు పిడికిట్లో ముడుచుకుని, ఆయనకంటే ముందే వాకిట్లోకి వెళ్లి నిలబడింది.