ఫ్యాన్ తిరుగుతుంటే పోయిన కరెంటు

మా అన్న నిజామాబాద్ నుంచి టీవీ గేమ్ తెచ్చిండు. క్యాసెట్ల తుపాకుల ఆటలుండె, కొట్లాటలుండె, గోల్ఫ్ గూడ ఉండె. గోల్ఫ్‌ను అన్న ఒక్కపారి సూసి "ముసలోళ్ల ఆట" అని ఇడిసిండు. అన్న ఇడిసిండు గనుకనే అది అక్కకు దక్కింది. మా ఇంట్ల అక్కకు ఏదొచ్చినా గట్లనే వచ్చేది.

బోధన్ల మా ఇంట్ల అక్క పొద్దుందాక బీడీలు చుట్టేది. తుపాకుల ఆటల చెయ్యి తీస్తే సస్తవ్. గోల్ఫ్‌ల ఎవ్వడు మీదికి రాడు. నువ్వు బటన్ ఒత్తేదాక గా లావు బొమ్మ కర్ర పట్టుకొని నిలబడే ఉంటడు. అక్క ఒక బీడీ చుట్టి, దారం కట్టి, ఒక దెబ్బ కొట్టేది. బంతి నీళ్లల్ల పడి బొమ్మ తల దించుకుంటే మేమిద్దరం పడిపడి నవ్వుతుంటిమి. బాపు మాత్రం, "గింత భూమి గడ్డికి ఇడిసిండ్రు, పసుపేసుకున్నా బతుకుదురు" అంటుండె.

ఆఖరి గుంతల బంతి ఏసేదాక పోవాలని అక్కకు ఒక్కటే ఆశ. టీవీ బందైతే ఆట మళ్ల మొదటికే. కరెంటేమో దినాం నడుమనే పోతుండె.

ఒకనాడు పోలే. అక్క ఆఖరి గుంత కాడికొచ్చింది. అదే పూట మమ్ముల కన్న అవ్వ బీడీల కార్ఖాన నుంచి మొహం మాడ్సుకొని వచ్చింది. అక్క బీడీలు లూజున్నయని అందరి ముంగట కట్టలు విప్పి పారేసిండ్రట. అవ్వ తిట్టలే. వచ్చి అక్క ఎనుక నిలబడ్డది. బంతి గుంత అంచుకు దొర్లంగనే ప్లగ్గు గుంజింది.

"కరెంటు పోయిందే" అన్నది.

మా నెత్తి మీద ఫ్యాన్ తిరుగుతనే ఉండె.

అక్క బీడీల చాట ఒళ్లె పెట్టుకున్నది. గా దినం సంది కార్ఖానోళ్లు ఆమె బీడీ ఒక్కటి గూడ తిప్పి పంపలే. పెండ్లిచూపులకొచ్చినోళ్లు బీడీలు మంచిగ చుడుతదా అని ఆమె వేళ్లు పట్టి సూస్తుంటే, "నా బిడ్డ బీడీకి వంక పెట్టేటోడు పుట్టలే" అని అవ్వ మురిసింది.

ఏండ్లు గడిసినయ్. అవ్వ వేళ్లు వంగినయ్, బీడీలు ఇడిసింది. సీరియలే ఆమె లోకం. తప్పిపోయిన బిడ్డ తల్లి కాడికొచ్చే ముచ్చట కోసం నెలల సంది కూసున్నది. అది వచ్చిన దినం అక్క పుట్టింట్లనే ఉన్నది. సీరియల్ల తల్లి తలుపు తీస్తున్నది. అక్క లేసి ప్లగ్గు గుంజింది.

"కరెంటు పోయిందానే?"

"పోయిందవ్వా."

అవ్వ తల ఎత్తింది. ఫ్యాన్ తిరుగుతున్నది. శానసేపు దాని దిక్కే సూసింది. టీవీ పెట్టుమని మాత్రం అడుగలే.