పసుపు గొడౌన్లో పడవ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లేదని గట్టిగా నమ్మేవాణ్ణి. అందుకు కారణం వయసు కొంత, ఉద్యోగం కొంత. కొత్తగా ఒక దినపత్రికకు కోరాపుట్ నుంచి వార్తలు పంపేవాణ్ణి. వార్తలు లేని రోజున (మా ఊళ్లో అలాంటి రోజులే ఎక్కువ) ఇంటి చిట్కాలు రాసి పంపమనేవారు. నల్లబడ్డ వెండి గిన్నె, చీర మీద నూనె మరక, బీరువాలో ముక్కిన వాసన, అన్నింటికీ నా దగ్గర మందుండేది. వాటిలో ఒక్కటీ నేను చేసి చూడలేదు. రాయగడలో రైలు దిగిన పేపరు కట్ట బస్సెక్కి మధ్యాహ్నానికి మా ఊరు చేరేది. భోజనమయ్యాక మా అత్త కళ్లజోడు పెట్టుకుని ముందు నా చిట్కాలే చదివేది. ఆమె ఇంట్లో ఉంటూ ఆమె వండిందే తినేవాణ్ణి కాబట్టి, నాకు తెలిసిన ఆ ఒక్క పాఠకురాలిని చులకనగా చూసే వీల్లేదు.

మావయ్యది పసుపు, చింతపండు హోల్‌సేల్ వ్యాపారం. వాళ్ల తాత విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ కొట్టు పెట్టాడు. మూడు తరాలుగా గోనె బస్తాల మధ్యే బతికిన ఆ వంశంలో పుట్టి, మావయ్య ఒక వేసవిలో పడవ కొన్నాడు. కొలాబ్ జలాశయం దగ్గర పని ముగించుకుని వెళ్లిపోతున్న కాంట్రాక్టరు అమ్మిన ఫైబర్ బోటు అది. వెనక పెట్రోలు ఇంజను. ఆదివారాలు లుంగీ పైకి మడిచి, తలకు తువ్వాలు చుట్టి ఆయన దాన్ని నడుపుతుంటే, కొట్లో తక్కెడ ముందు విసుగ్గా కూర్చునే మనిషి ఈయనేనా అనిపించేది. వానలు పడగానే బోటును ఇంటికి తెచ్చి కారు షెడ్డులో పెట్టాడు. (కారు లేదు. పాత పసుపు గొడౌనుకు షట్టరు బిగించి, ఎప్పుడో కొనబోయే కారు పేరు పెట్టారంతే.) ఆ షెడ్డుకూ వంటింటికీ మధ్య ఒకటే గోడ.

మూడో రోజు వడ్డిస్తూ వడ్డిస్తూ అత్త గరిటె ఆపేసింది.

"పప్పులో పెట్రోలు, సారులో పెట్రోలు. రేపట్నుంచి పొయ్యి ఎలిగించకుండానే ఉడికిపోద్దేటి?"

మావయ్య కంచంలోంచి తల ఎత్తలేదు. "నాలుగు రోజులుంటే అదే పోద్దిలేవే."

"సుక్కురోరం దాకా సూస్తాను. సావణ సుక్కురోరం పూజేళకి నా ఇంట్లో ఈ కంపుంటే, ఆ బోటుని పాతసామాన్లోడికి ఇచ్చీసి ఇత్తడి బిందె తెచ్చుకుంటాను." ఆమె నా వైపు తిరిగింది. "ఏరా అల్లుడూ, ఊరందరికీ సెప్తావు గదా. మనింటి వాసనకేటి మందు?"

మావయ్య అప్పుడు తల ఎత్తాడు. పసుపు ధర పడిపోయిన ఏడాది కూడా ఆయన నన్ను అంత ఆశగా చూడలేదు.

నా వైద్యం మొదలైంది. మొదటి రోజు బోటు నిండా నిమ్మ తొక్కలు పరిచాను. రెండో రోజు మా కొండల కాఫీ పొడిని గిన్నెల్లో పోసి పెట్టాను. మూడో రోజు బుట్టెడు బొగ్గులు. షెడ్డులో పెట్రోలు వాసన తగ్గలేదు సరికదా, ఎవరో పెట్రోలు బంకులో కాఫీ హోటలు తెరిచినట్టయింది. వాసన వంటింట్లోకి రాకుండా కన్నాలు మూసేద్దామన్నాను. మావయ్యకు అది తెలిసిన విద్య. పసుపుకు చెమ్మగాలి తగలకూడదని గోడ పైనున్న కిటికీలనూ, నేలను ఆనుకున్న జాలీలనూ తాతల నాడే గోనెలతో కుక్కేశారు. "గాలి తగిల్తే సరుకు సెడిపోద్దల్లుడూ" అంటూ ఆయన వదులైన గోనెలను కర్రతో పొడిచి మరీ బిగించాడు. మేమిద్దరం కలిసి ఆ వాసనను అంత భద్రంగా దాచాం.

శుక్రవారం పొద్దున్నే ఆఖరి ఆయుధం తీశాను. ఏ దుర్వాసనైనా సాంబ్రాణి పొగకు నిలవదని నేనే రెండుసార్లు రాశాను. కొట్లో శుక్రవారాలు వేసే ధూపమే కదా, షెడ్డులోనూ వేస్తే సరి అనుకున్నాను. ధూపం గిన్నెలో నిప్పులు కణకణలాడించి, పెరట్లోంచి షట్టరు వైపు భక్తిగా నడిచాను. అప్పుడే గేటు తీసుకుని స్పానర్ బాబాయి లోపలికి వచ్చాడు. దామంజోడి ఫ్యాక్టరీలో మెకానిక్‌గా చేసి రిటైరైన ఆయన చొక్కా జేబులో పెన్ను బదులు స్పానరుంటుంది. ఇంజను ఒకసారి చూసిపొమ్మని మావయ్యే కబురు పెట్టాడు.

"ఆగు బావూ, ఆగు! ఆ నిప్పులట్టుకుని ఎక్కడికెల్తన్నావు?"

"సాంబ్రాణి వేద్దామని బాబాయ్. వాసన పోతుంది."

"పోద్ది. వాసనా పోద్ది, బోటూ పోద్ది, నువ్వూ పోతావు. రేపు నీ పేపర్లో నీ వార్త ఎవుడు రాస్తాడు?"

ఆయన నన్ను వీధి చివరిదాకా నడిపించి, ఆ నిప్పుల మీద నీళ్లు పోయించాడు. తర్వాత షట్టరు పూర్తిగా ఎత్తి, మూడు తరాల గోనెలనూ పీకించాడు. "పెట్రోలు ఆవిరి బరువు బావూ. నేలనంటుకుని కూసుంటాది. కింద జాలీలు మూసీసి, పైన నిమ్మ తొక్కలెడతారేటి?" గాలి బాగా ఆడాక బోటును పెరట్లోకి లాగాం. ట్యాంకు మూత మీద గాలి ఆడేందుకుండే చిన్న మర తెరిచే ఉంది. దారి కుదుపులకు అందులోంచి చిందిన పెట్రోలు బోటు అడుగున వాననీళ్ల మీద రంగులుగా తేలుతోంది. ఆ మర ఆయన రెండు వేళ్లతో తిప్పేశాడు. జేబులో స్పానరు తియ్యనే లేదు. ట్యాంకు ఊడదీసి, ఖాళీ చేసి, పెరటి చివర రేకుల కింద పెట్టించాడు. అడుగున ఉన్నదంతా మావయ్య పాత లుంగీలతో నేను తుడిచాక, బోటును మళ్లీ షెడ్డులోకి తోశాం.

పూజ వేళకు అత్త పట్టుచీరలో షెడ్డులోకి వచ్చింది. ఖాళీ బోటు చుట్టూ తిరిగింది. వంగి వాసన చూసింది. మావయ్య గుమ్మంలో చేతులు కట్టుకుని, పరీక్ష ఫలితం కోసం చూసే పిల్లాడిలా నిలబడ్డాడు.

"బోటుకి కంపు లేదు" అంది చివరికి. మావయ్య ఊపిరి వదిలాడు. ఆమె నా దగ్గరికొచ్చి ఆగింది. "ఇదిగో, ఇక్కడుంది. బోటుంటాది గానీ, నువ్వు నూతికాడికెల్లు. తానం సేసీదాకా గడప తొక్కకు." ఆ రోజు పులిహోర అరుగు మీదే తిన్నాను.

మర్నాడు బుద్ధిగా కొత్త చిట్కా రాసి పంపాను: 'వాసన వస్తే ముందు అది ఎక్కణ్నుంచి వస్తోందో చూడండి.' ఇందులో చిట్కా ఏముందని డెస్కు వాళ్లు తిప్పి పంపారు. అత్త మాత్రం వారం రోజులు పేపరంతా వెతికి, "ఏదిరా?" అని అడిగి అడిగి, చివరికి ఆ కాగితాన్నే అన్నం మెతుకులతో షెడ్డు గోడకు అంటించింది. తర్వాత నా పేరుతో చాలా అచ్చయింది. బోటు ఎవరో కొనుక్కున్నారు, షెడ్డులోకి నిజంగానే కారొచ్చింది. మొన్న వెళ్లినప్పుడు చూస్తే జాలీలు తెరిచే ఉన్నాయి. పసుపు పట్టిన ఆ గోడ మీద కాగితం అంచు ఒక్కటి మిగిలి ఉంది. చేసి చూసి రాసిన చిట్కా నా జన్మలో అదొక్కటే.