చివరి పేజీ నుంచి చదివే మా సారు

సోమవారం పొద్దున ఆఫీసుకు బయల్దేరుతుంటే ఘాజియాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. "ఆంటీ, పాపా నహీ రహే," అంది మా సారు కూతురు. నాన్న ఇక లేరన్న ఆ మాట విన్నాక కూడా చేతిలోని ఫైలు కింద పెట్టాలని తోచలేదు. పెడితే ఆయనే కసురుతారనిపించింది.

మీలో చాలామందికి ఆయన తెలియరు. ఢిల్లీలో, కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో నా పై అధికారి. పాత బొగ్గు కరెంటు కేంద్రాలను మెల్లగా మూసి, గాలి నుంచి, ఎండ నుంచి కరెంటు తీయాలంటే ఏం కావాలి, అందుకు అప్పు ఎవరిస్తారు అన్నది మా సెక్షన్ పని. అప్పట్లో ఎండ కరెంటంటే నవ్వేవాళ్లే ఎక్కువ. చిత్రమేమిటంటే, ఆయన తెలంగాణలో ఒక బొగ్గుగని కార్మికుడి కొడుకు. "బొగ్గు మీద బతికి బొగ్గునే మూస్తావా?" అని తోటివాళ్లు ఆటపట్టించేవారు. "మా నాయిన దగ్గు విన్నోణ్ణి. ఎందుకు మూసుడో నాకు చెప్పొద్దు, ఎట్ల మూస్తరో చెప్పుండ్రి," అనేవారు.

ఏ నోట్ ఇచ్చినా చివరి పేజీ నుంచి చదవడం ఆయన అలవాటు. అందరూ వెనక్కి నెట్టేసేది అక్కడే దొరుకుతుందనేవారు. నా మొదటి నోట్‌లో గాలిమరలున్నాయి, వడ్డీ ఉంది, వాయిదాలున్నాయి. పెన్సిల్‌తో ఒక్కటే మాట రాసి తిప్పి పంపారు: "మనుషులేరి?"

నాకు ఒళ్లు మండింది. రెండ్రోజుల్లో అప్పిచ్చే విదేశీ బ్యాంకు వాళ్లతో మీటింగు. ఆయన మాత్రం తాపీగా మఫ్లర్ చుట్టుకుని, మూసేయబోయే కేంద్రం గేటు దగ్గరికి నన్ను తీసుకెళ్లారు. ఢిల్లీలో మెట్రో కొత్తగా నడుస్తున్న చలికాలం అది. షిఫ్ట్ దిగి వస్తున్నవాళ్లను ఆపి, ఇది బందైతే ఏం చేస్తారని నా చేత అడిగించారు. బాయిలర్ దగ్గర పనిచేసే ఒకాయన నన్నే ఎదురడిగాడు. "మీరే చెప్పండి దీదీ, నాకేం పనిస్తారు?" చేతిలోని నోట్ తిరగేశాను; గాలిమరలు, వడ్డీ, వాయిదాలే కనిపించాయి. ఆ రోజు నన్ను సిగ్గుపడేలా చేసినందుకు సారుకి ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ఆయనకు జవాబుగా ఒక పేజీ రాసి నోట్ చివర చేర్చాం. వాళ్లకు కొత్త పని నేర్పాలి, నేర్చుకునేదాకా జీతమివ్వాలి, ఆ ఖర్చు కూడా అప్పులోనే కలపాలి. ఫైనాన్స్ వాళ్లు ఆ పేజీ తీసేశారు. సారు మళ్లీ పెట్టారు. మళ్లీ తీసేశారు.

"ఇంకా ఎన్నిసార్లు సార్?" అన్నాను విసిగిపోయి.

"తీసుడు వాళ్ల పని, పెట్టుడు మన పని," అన్నారు, అశోకా రోడ్‌లోని మన తెలుగువాళ్ల క్యాంటీన్‌లో పప్పన్నం కలుపుకుంటూ.

రిటైరైన రోజుకీ ఆ ఫైలు తేలలేదు. నా టేబుల్ మీద పెట్టి, తన పెన్సిల్ ముక్క కూడా దాని మీదే ఉంచి, "ఇగ నీ వంతు బిడ్డా," అన్నారు.

ఘాజియాబాద్‌లో ఆయన అంత్యక్రియలైన మర్నాడు ఫైనాన్స్ నుంచి ఫోన్. "మేడమ్, ఆ చివరి పేజీ ఒక్కటి తీసేయండి, ఇవాళే క్లియర్ చేస్తాం."

"తీయను," అన్నాను.

ఫైలుకు కట్టిన ట్యాగు విప్పి, ఆ పేజీని తెచ్చి అన్నిటికన్నా ముందు పెట్టాను. సారు పెన్సిల్ ముక్కతో దాని మూల ఒకటి అని అంకె వేశాను.