తరవాత బస్సు

తొంభైల్లో నందిగామ బస్టాండు వెనక మా మేనత్త వాళ్లు ఇంటి పై గదులనే లాడ్జిగా నడిపేవాళ్లు. సంచి సర్దుకున్న ఏ అతిథినీ ఆవిడ వెంటనే కదలనిచ్చేది కాదు.

"కాఫీ అయినా తాగకుండా ఏం పరుగండీ? తరవాత బస్సుకి వెళ్దురుగానిలెండి."

వాళ్లు తీరిగ్గా కూర్చునేవాళ్లు. ఆవిడ మాత్రం మెట్లు ఎక్కుతూ దిగుతూనే ఉండేది.

ఒక్క రాత్రయినా ఎక్కడో అతిథిలా పడుకోవాలని ఆవిడకి ఏళ్లుగా కోరిక. నా డిగ్రీ పరీక్షలయ్యాక ఇద్దరం వేదాద్రి వెళ్లి సత్రంలో గది తీసుకున్నాం. కిటికీలోంచి కృష్ణ కనిపిస్తోంది. ఆవిడ అటు చూడనేలేదు. దిండు దులిపింది, బకెట్ కడిగింది, దుప్పటి అంచులు పరుపు కిందికి దోపింది.

"అక్కడ లాడ్జిలో వాళ్లకి వేణ్ణీళ్లు ఎవరు పెడతారో ఏమో. పదవే, బస్సుందేమో చూద్దాం."

పెద్దవాళ్లకి ఎదురు చెప్పడం నాకు చేతకాదు. అయినా చెయ్యి పట్టుకుని ఆపాను.

"కాఫీ అయినా తాగకుండా ఏం పరుగు అత్తయ్యా? తరవాత బస్సుకి వెళ్దాంలే."

"నోట్లో నాలుక లేని పిల్లవనుకున్నానే! నా మాట నాకే అప్పజెప్తున్నావా?" అని పకపకా నవ్వి మంచం మీద కూర్చుంది. కాసేపు నది కేసి చూసింది కూడా.

సాయంత్రం బస్సుకే వచ్చేశాం. గది వదిలేముందు, తను కూర్చున్న చోట పడ్డ ముడతని అరచేత్తో సాపు చేసి మరీ కదిలింది.