అత్తమ్మకు మూడు వీడ్కోళ్లు

ఇద్దరు పెద్దవాళ్లను ఒక్క పూటలో నిలువ నీడ లేకుండా చేయడం ఎలాగో నేర్చుకోవాలనుంటే నా దగ్గరికి రండి. వరద రానక్కర్లేదు, ఇల్లు కాలనక్కర్లేదు. ఒక మైకు, ఒక ఫ్లెక్సీ, నాలాంటి మేనల్లుడు ఒకడుంటే చాలు. పైగా ఆ ఘనకార్యం చేస్తున్నంతసేపూ నన్ను చూసి నేనే మురిసిపోయాను. అది తలచుకుంటే ఇప్పటికీ దుప్పటి ముసుగేసుకోవాలనిపిస్తుంది.

మా మేనత్త సువార్తమ్మ నర్సు. పెళ్లికి ముందే ఇంగ్లండు వెళ్లి, అక్కడి ఆసుపత్రుల్లో ఏళ్ల తరబడి పనిచేసి, అక్కడి పాస్‌పోర్టు తీసుకుని, అక్కడి బస్సు డ్రైవర్నే పెళ్లాడింది. ఆయనే మా పీటర్ మామయ్య. ఎర్రగా, ఎత్తుగా ఉంటాడు. తెలుగు మా అత్తమ్మ దగ్గరే నేర్చుకున్నాడు కాబట్టి, కళ్లు మూసుకుని వింటే ఖమ్మం మిర్చి యార్డులో ఎవరో మాట్లాడుతున్నట్టుంటుంది. ఇద్దరికీ పింఛను మొదలయ్యాక, అక్కడి చలికి అత్తమ్మ మోకాళ్లు మొరాయిస్తున్నాయని సారపాక వచ్చేసి మా వీధిలోనే ఇల్లు కట్టుకున్నారు. అత్తమ్మకు చలి బాధ తీరింది. మామయ్యకు ఎండ బాధ మొదలైంది.

మా వైపు ఎండాకాలం ఎలా ఉంటుందో మీకు తెలియకపోతే మీరు పుణ్యాత్ములు. మామయ్య నెత్తిన తడి తువ్వాలు వేసుకుని, ఫ్రిజ్ తలుపు తెరిచి, దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఒక ఏడాది మే నెలలో వడదెబ్బ తగిలి గుమ్మంలోనే కూలిపోయాడు. దవాఖానాలో సెలైన్ ఎక్కించిన డాక్టరు అత్తమ్మను పక్కకు పిలిచి, "అమ్మా, ఇంకో ఎండాకాలం ఈయన్ని ఈడ ఉంచకండి. తట్టుకోడు" అన్నాడు. నర్సు కదా, అత్తమ్మ అక్కడ ఏడవలేదు. ఇంటికొచ్చి మా అమ్మను పట్టుకుని ఏడ్చింది.

అప్పుడే స్పెయిన్ మాట వచ్చింది. అత్తమ్మతో కలిసి పనిచేసిన ఒకామె అక్కడ సముద్రం ఒడ్డున ఒక పల్లెలో ఉంటోంది. ఇంగ్లండు చలి లేదు, సారపాక ఎండ లేదు, ఆమె పక్కిల్లు కిరాయికి ఉంది.

ఇక్కడ నా ప్రవేశం. నా పేరు ప్రభు. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు, బస్టాండు దగ్గర ఒక ఆన్‌లైన్ సెంటర్. రైలు టికెట్లు తీస్తాను, ఆధార్ తప్పులు దిద్దిస్తాను, పాస్‌పోర్టు అర్జీలు పెడతాను. అంటే మా పేటకు విదేశాంగ మంత్రిని నేనే అన్నమాట.

"అత్తమ్మా, మీది బ్రిటిష్ పాస్‌పోర్టు. యూరప్ మొత్తం మీదే. మధిర నుంచి ఖమ్మం పోయినట్టు పోవుడే" అన్నాను.

"వీసా గిట్ల ఏం అక్కర్లేదారా?"

"అక్కర్లే. గిదుగో, చూడు. ఎన్నేండ్లు కావాల్నంటే అన్నేండ్లు ఉండొచ్చని రాసుంది."

సెల్లులో చూపించాను. నిజంగానే రాసుంది. ఎప్పుడు రాశారో మాత్రం నేను చూడలేదు. బ్రిటన్ యూరప్ కూటమిలో ఉన్నప్పటి పేజీ అది. ఆ దేశం అందులోంచి బయటికొచ్చిందని నేనూ విన్నాను గానీ, దాంతో రూల్సన్నీ మారిపోయాయన్న సంగతి లోకమంతటికీ తెలుసు, నా ఆన్‌లైన్ సెంటరుకు తప్ప. పోనీ మామయ్యకైనా తెలియాలి కదా అంటారా? ఆయన్నీ అడిగాను.

"మామయ్యా, మీ దేశం బయటికొచ్చిందంటున్నరు. మనకేం ఇబ్బంది లేదుగదా?"

"బయటికొచ్చింది దేశం గదా బాబూ. నేను కాదు గదా" అన్నాడు ధీమాగా. "నేను గూడా బయటికి రమ్మనే ఓటేసిన. బయటోళ్లు లోపలికి రావొద్దని. మేం పోవొద్దని ఎవడు చెప్పిండు?"

ఆ మాటలో ఏదో తిరకాసు ఉందనిపించింది గానీ, ఎక్కడుందో అందలేదు. ఇద్దరం తలలూపుకున్నాం.

మా చర్చిలో ఎవరు ఊరు విడిచి వెళ్లినా వీడ్కోలు కూడిక పెడతారు. ప్రార్థన, శాలువా, భోజనం. ఫిబ్రవరిలో అత్తమ్మ ఇంటి వాకిట్లోనే ఫ్లెక్సీ కట్టి, సామాను బయట పెట్టి జరిపాం. నేను పాస్టరు అయ్యగారి చేతిలోంచి మైకు తీసుకుని, "మా అత్తమ్మావాళ్లు ఇక రారు. అందుకని గుర్తుగా వాళ్ల సామానంతా మీకే పంచుతున్నం" అని ప్రకటించాను. మా అమ్మ నా చొక్కా పట్టి లాగింది.

"ఒరేయ్, ఆళ్లు ఆడ కుదురుకున్నంక ఇయ్యొచ్చు గదరా?"

"నువ్వూకోమ్మా, నీకు యూరప్ సంగతి తెల్వదు."

ఫ్రిజ్ అయ్యగారికి ఇచ్చాను. టేకు మంచం, చర్చిలో అందరికన్నా పెద్ద గొంతున్న రూతక్కకు ఇచ్చాను. కిరాయి మాట్లాడి ఇంటి తాళాలు ఊళ్లోని కాగితం మిల్లులో కాంట్రాక్టు పని చేసే రహీం భాయ్‌కి ఇచ్చి, "ఎన్నేండ్లన్న ఉండు భాయ్, ఆళ్లు రారు" అన్నాను. జనం చప్పట్లు కొట్టారు. అత్తమ్మ శాలువా కప్పుకుని నవ్వుతూనే ఉంది, చెయ్యి మాత్రం మంచం పట్టెను నిమురుతూ ఉంది. అది చూసి కూడా నాకు బుద్ధి రాలేదు. మటన్ బిర్యానీ బాగా కుదిరింది, రెండుసార్లు పెట్టించుకున్నాను.

ఏప్రిల్ చివర్లో స్పెయిన్ నుంచి ఫోను.

"ప్రభూ, మమ్మల్ని పొమ్మంటున్నర్రా."

"ఎవరత్తమ్మా? ఇంటి ఓనరా?"

"దేశం రా."

"అదేంది?"

"మూడు నెలలే ఉండాల్నంట. మళ్ల మూడు నెలలు బయటుండాల్నంట. ఆ తర్వాత కావాల్నంటే మూడు నెలలు రావొచ్చంట. ఎప్పటికీ ఉండాల్నంటే వేరే వీసా. నీ సెల్లుల గట్ల లేదు గదరా?"

"అది... జర పాతదత్తమ్మా."

"ఎంత పాతది?"

సిగ్నల్ లేదన్నట్టు రెండుసార్లు హలో హలో అన్నాను. సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది.

ఇంగ్లండులో ఇల్లు ఎప్పుడో వదిలేశారు, ఇక దిక్కు సారపాకే. మీరు నెల లెక్క చూసుకోండి. ఎండ తప్పించుకోవడానికి వెళ్లిన మనిషిని, సరిగ్గా మే నెల మొదట్లో సారపాకలో దించాను. వాళ్ల ఆటో వాళ్ల ఇంటి ముందే ఆగింది. దండెం మీద పసిపిల్ల గుడ్డలు ఆరుతున్నాయి. రహీం భాయ్ బయటికొచ్చి నోరు తెరిచాడు.

"సలాం అమ్మా. మీరు ఇక రారని గదా ప్రభన్న చెప్పిండు?"

అత్తమ్మ నన్ను చూసింది. నేను మామయ్యను చూశాను. మామయ్య నీడ ఎక్కడుందా అని చూస్తున్నాడు. ఆయన మొహం అప్పటికే కుంకుమ రంగుకు తిరిగింది. ఆ క్షణంలో నాకు నిజంగా భయమేసింది. ఈయనకేమన్నా అయితే చేసింది ఎండ కాదు, నేనే.

"భాయ్, నాల్గు రోజులల్ల ఇల్లు ఖాళీ..." అని మొదలుపెట్టాను.

"నోర్ముయ్" అంది అత్తమ్మ. "బాలింత ఉన్న ఇల్లు ఖాళీ చేపిచ్చినవంటే, నిన్ను దవాఖానాల నేనే చేర్పిస్త." చేతులు కడుక్కుని లోపలికెళ్లి పాపను ఎత్తుకుంది.

"అమ్మా, ముందు గదులు మీరే తీసుకోండి. మాకు ఎనక గది చాలు" అన్నాడు రహీం భాయ్. అలా మా అత్తమ్మ తన సొంత ఇంట్లో తన కిరాయిదారు దగ్గర కిరాయికి దిగింది. ఎవరు ఎవరికి కిరాయి ఇవ్వాలో తేల్చమని ఇద్దరూ నన్నే అడిగారు.

ఇక సామాను. రూతక్క దగ్గరికి వెళ్లాను.

"అక్కా, అత్తమ్మ మంచం ఓ మూడు నెలలు ఇస్తవా?"

"ఇచ్చింది ఎనక్కి అడుగుతరారా ఎవరన్న?"

"ఎనక్కి కాదక్కా. చేబదులు."

"నా మంచం మీ అత్తకు చేబదులా? అది మీ అత్తదే గదరా?"

"అవ్."

"మరి నాది గాదా?"

"అవ్, నీదే."

"పో, తీస్కపో. నా తల తిరుగుతుంది."

అయ్యగారి ఇంట్లో ఫ్రిజ్ నిండా ఆరాధనలో పంచే ప్రభు సంస్కారపు ద్రాక్షరసం సీసాలు. తీసి పెట్టడానికి చోటు లేక, వాటితో సహా ఇచ్చేశారు. ఆ మే నెలంతా మామయ్య ద్రాక్షరసానికి ఎదురుగా తలుపు తెరుచుకుని కూర్చున్నాడు. "తాగొద్దు, అది చర్చిది" అని అత్తమ్మ గంటకోసారి అరిచేది. కిటికీలకు రహీం భాయ్ గోనెపట్టాలు కడితే, వాటిని తడుపుతూ ఉండటం నాకు పడిన శిక్ష. సెంటరు మూసేసి పొద్దంతా బకెట్లు మోశాను. మామయ్య బతికి బట్టకట్టాడు. నేను సగమయ్యాను.

మూడు నెలలు గడిచాయి. మళ్లీ ప్రయాణం, మళ్లీ కూడిక. ఈసారి చికెను. మంచం రూతక్కకు, ఫ్రిజ్ అయ్యగారికి తిరిగి వెళ్లాయి. నవంబరులో వీళ్లు వచ్చారు, అవీ వచ్చాయి. సాగనంపే ప్రార్థన చేయాలో, స్వాగతం చెప్పాలో అయ్యగారికే తెలియక, "దేవా, వీళ్లు పోతున్నరు, వస్తున్నరు, అంతా నీకే ఎరుక" అన్నారు.

ఈలోపు అసలు వీసాకు అర్జీ పెట్టాం. పింఛను రుజువులు, ఇన్సూరెన్సు, డాక్టరు సర్టిఫికెట్టు. ఒక్కో రూలు చదివే ముందు, ఆ పేజీ ఏ తేదీదో అత్తమ్మ నాచేత పైకి చదివించింది. ఎండలు మళ్లీ మొదలవుతుండగా వీసా వచ్చింది. ఏడాది పొడుగునా ఉండొచ్చు, తర్వాత పొడిగించుకోవచ్చు.

మూడో కూడికలో చాయ్, బిస్కెట్లు. మైకు అందుకుని, "ఈసారి నిజంగనే పోతున్నరు" అన్నాను. ఒక్కరు చప్పట్లు కొడితే ఒట్టు.

"గట్లనే అంటవ్ నువ్వు" అంది రూతక్క. "మంచం నాకొద్దు తమ్మీ. మోసీ మోసీ మా ఆయన నడుం పట్టేసింది. ఆళ్ల గదిలనే ఉండనీ."

"ఫ్రిజ్ గూడా ఆడనే ఉంచండి. సీసాలు మాత్రం ఇచ్చెయ్యండి" అన్నారు అయ్యగారు.

"ముందు గదులు మీయే అమ్మా. ఎప్పుడొచ్చినా తాళం తీసే ఉంటది" అన్నాడు రహీం భాయ్.

అత్తమ్మ కళ్లు తుడుచుకుంది. తర్వాత నా చేతిలోంచి మైకు లాక్కుంది.

"ఈసారి ఏ సామానూ పంచట్లే. గుర్తుగా ఒక్కటే ఇస్తున్న, మా ప్రభుగాణ్ణి. ఎవరికి కావాల్నో ఎత్తుకపోండి."

ఒక్క చెయ్యి లేవలేదు. మా అమ్మ కూడా బిస్కెట్ల వైపు చూస్తోంది. చివరికి రూతక్కే జాలిపడింది.

"మూడు నెలలకైతే చూస్తా. తర్వాత మూడు నెలలు బయటుండాలె."

కాబట్టి, మంచం పట్టె మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. తేదీ చూడకుండా దేన్నీ చదవను. ఎవరి వీడ్కోలులోనూ మైకు ముట్టను. ఊరు దాటే మనిషిని చూసి 'ఇక రారు' అన్న మాట ఈ నోటితో అనను. ఈ ప్రమాణం ఎప్పటికీ చెల్లుతుంది, మధ్యలో మూడు నెలలు బయట ఉండాల్సిన పని లేదు.