సంతకం పెట్టని చట్టం: టాంపినీస్‌లో ఒక ఆదివారం

"మీరు సంతకం పెట్టని చట్టం మీకు వర్తించదు. తెలుగువారికి ఉచిత సమావేశం, ఆదివారం మూడింటికి, టాంపినీస్." ఆఫీసులో ఆ మెయిల్ చదివి అందరం నవ్వాం. "పిచ్చోళ్లులే" అని మా టీమ్ లీడ్ కొట్టిపారేశాడు. నాకేమో ఏ పిచ్చినైనా దగ్గరికెళ్లి చూస్తే తప్ప తోచదు. మీకూ అదే జబ్బుంటే దారి చెబుతాను. ఈ ద్వీప దేశానికి పడమట, నేనుండే బుకిట్ బటోక్‌లో ఒకటిన్నరకు ట్రైన్ ఎక్కి, తర్వాతి స్టేషన్ జురాంగ్ ఈస్ట్‌లో తూర్పు లైనుకు మారాను. అక్కణ్నుంచి దాదాపు గంట, టికెట్ రెండు డాలర్ల పైచిల్లర. దిగి పది నిమిషాలు నడిస్తే హాకర్ సెంటర్, అంటే తిండి స్టాళ్లన్నీ ఒకేచోట ఉండే పెద్ద షెడ్డు. సమావేశం అక్కడే.

మూల బల్ల దగ్గర నలుగురే శ్రోతలు. మాట్లాడుతున్నది మూర్తి అంకుల్, ఇరవై ఏళ్లుగా ఇక్కడ బ్యాంకు సాఫ్ట్‌వేర్ రాస్తున్న పెద్దమనిషి. "గవర్నమెంట్ అంటే ఒక కంపెనీ. దాంతో నీకు కాంట్రాక్ట్ ఉందా? లేదు! మరి కోర్టుకెందుకెళ్లాలి?" అని అడుగుతున్నారు. ఎదుట కూర్చున్నది శ్రీకాకుళం నుంచి వచ్చిన షిప్‌యార్డు కార్మికుడు సింహాచలం. రోడ్డు మీద సిగరెట్ పీక పారేసినందుకు మర్నాడు పొద్దున కోర్టుకు రమ్మని ఇంగ్లీషులో నోటీసు. అంకుల్ దాన్ని మొత్తం తెలుగులో చదివి వినిపించారు. దాని మీద "అంగీకరించను" అని రాసి వేలిముద్ర వేసి తిప్పి పంపమని అంకుల్ సలహా. కానీ వెళ్లకపోతే వారంటు వస్తుంది. వచ్చే నెల రెన్యూ కావాల్సిన వర్క్ పర్మిట్ గతి చెప్పక్కర్లేదు. సిరా డబ్బా అప్పటికే బల్ల మీదికి వచ్చేసింది.

ఇంతలో అంకుల్ టీ తెచ్చుకోవడానికి లేచారు. కుర్చీలో టిష్యూ ప్యాకెట్ పెట్టి మరీ వెళ్లారు. అలా పెడితే సీటు మనదే, దీన్నిక్కడ చోప్ అంటారు. ఎవరో చైనీస్ తాత ఆ ప్యాకెట్ పక్కకు జరిపి కూర్చున్నాడు. తిరిగొచ్చిన అంకుల్ మండిపడ్డారు. "హలో, చోప్ చేశాను, కనబడట్లేదా? రూల్స్ తెలీవా?" తాత గొణుక్కుంటూ లేచి పోయాడు.

సింహాచలం మెల్లగా అడిగాడు. "ఆ ముసిలాయన మీ టిష్యూకి సంతకం ఎట్టాడేటి బాబూ?"

పక్క స్టాల్‌లో టీ కలిపే తమిళ ఆంటీకి తెలుగు అర్థమవుతుంది కాబోలు, పగలబడి నవ్వింది. అంకుల్ మొహం ఎర్రబడింది. "అది మర్యాదయ్యా, ఇది చట్టం. రెండూ వేరు."

నేను వదల్లేదు. "అయితే రేపు ఈయనతో కోర్టుకొచ్చి ఆ ముక్క మీరే చెప్పండి అంకుల్."

"రేపా? రేపు మా బ్యాంకులో కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందమ్మా. లీవ్ ఇవ్వరు."

సింహాచలం నోటీసు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నాకూ పనుందండి. అయినా ఎల్తాను."

నేను పూట సెలవు పెట్టి తోడు వెళ్లాను. తప్పు ఒప్పుకున్నాడు, జరిమానా వేశారు, పదకొండుకల్లా బయటపడ్డాం. మధ్యాహ్నం షిఫ్టుకు అందుకున్నాడు.

తిరుగు ట్రైన్‌లో నాకు నవ్వు రాలేదు. ఆ నోటీసును అతనికి తెలుగులో, ఎదురుగా కూర్చుని, మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించింది మూర్తి అంకుల్ ఒక్కరే. మెయిల్ చూసి నవ్విన మాలో ఎవరమూ ఆ పని చేయలేదు. తప్పుడు మందైనా సరే, మంచం దాకా తెచ్చినవాడి చేతి నుంచే మనిషి పుచ్చుకుంటాడు.

ఒక్క సూచన: మీకు తెలిసినవాళ్లకు కోర్టు నోటీసు వస్తే అందులోని నంబరుకు ముందుగానే ఫోన్ చేసి, తెలుగు దుబాసీ కావాలని అడగండి.