నలభై గోలీలు

అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షల పిల్లలకు అన్నం పెట్టే మెస్సులు గల్లీకి నాలుగున్నాయి. ఎల్లవ్వ వండే మెస్సులో మాత్రం కూరకు వంక పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. పెడితే, "మీ అమ్మ చేతిది తిందువు, పో, బస్సెక్కు" అనేది. చదువు రెండో తరగతితోనే ఆగినా, సంతకం వంకర పోకుండా చేస్తుంది. వేలిముద్ర వేసేవాళ్లంటే ఆమెకు చులకన.

ఆమె గొప్పలన్నిట్లోకీ పెద్ద గొప్ప భర్త బుగ్గయ్య. నారాయణగూడ ప్రెస్సులో పుస్తకాలు కుట్టే బైండరు. ఎల్లవ్వ తండ్రి కల్లు కాంపౌండులోనే బతికి అక్కడే పోయాడు. అందుకని పెళ్లయిన కొత్తలోనే మొగుడి చేత ఒట్టు వేయించుకుంది. నలభై ఏళ్లు ఆయన చుక్క ముట్టలేదు. చిక్కడపల్లి మార్కెట్లో ఎవరి మొగుడు తాగి పడ్డాడని విన్నా, "మా ఇంట్ల గా వాసనే తెల్వది" అనకుండా ఆమె వంకాయలు ఏరేది కాదు.

ఆ బుగ్గయ్యకు క్యాన్సర్ వచ్చి ఎముకల్లోకి పాకింది. ఇక చేసేదేమీ లేదన్న డాక్టర్లు నొప్పికి మార్ఫిన్ గోలీలు రాశారు. అవి వీధిలోని మందుల దుకాణంలో దొరికేవి కావు. ఆస్పత్రిలోనే బీరువా తాళం తీసి, పుస్తకంలో రాసుకుని ఇచ్చారు.

"నాలుగు గంటలకొకటి, దినానికి ఆరు" అంది నర్సు విజయశ్రీ. "పద్నాలుగు దినాలకు ఎనభై నాలుగు. మిగిలితే ఒక్కటి కూడ ఇంట్ల ఉంచొద్దమ్మా, వాపస్ తేవాలె."

మందుకు అన్ని తాళాలెందుకని ఎల్లవ్వకు అనుమానం పట్టుకుంది. నర్సును అడగలేదు.

ఆ మధ్యాహ్నమే మెస్సులో రేణుక ప్లేటు పక్కన పుస్తకం పెట్టుకుని పైకి చదువుతోంది. సిద్దిపేట వైపు పిల్ల, బీఫార్మసీ చేసి డ్రగ్ ఇన్‌స్పెక్టర్ పరీక్షకు తయారవుతోంది.

"షెడ్యూల్ హెచ్, డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలె. హెచ్ వన్, దుకాణపాయన రిజిస్టర్ల పేరు రాసుకోవాలె. ఎక్స్, చీటీ రెండు కాపీలు..."

"గిన్ని పేర్లెందుకే బిడ్డా? మందు మందే గద?"

"కాదు పెద్దమ్మా. రోగానికి అదెంత పనికొస్తది, మనిషినెంత బానిస చేస్తది, రెండూ చూసి వరుస పెడ్తరు. బానిస చేసే గుణం పెరిగినకొద్ది తాళాలు పెరుగుతయి."

"మార్ఫిన్ అని ఒకటుందట?"

"దానికి వేరే చట్టమే ఉంది. గంజాయి, నల్లమందు ఉన్న చట్టం. నల్లమందుల నుంచే తీస్తరు దాన్ని. కానీ పెద్దమ్మా..."

"పప్పు మాడుతున్నది" అని ఎల్లవ్వ లోపలికి వెళ్లిపోయింది. పొయ్యి మీద పప్పు లేదు. ఇంకాసేపు నిలబడితే ఎవరికని అడుగుతుంది కదా ఆ పిల్ల.

కవాడిగూడలోని తమ గదిలో ఎల్లవ్వ ఆ సాయంత్రం నుంచి పూటకొకటి చొప్పున రోజుకు రెండే ఇచ్చింది. "ఇంకోటియ్యరాదే" అన్నాడు బుగ్గయ్య రెండో రోజున.

"నలభై ఏండ్లు లేని అలవాటు గిప్పుడు చేసుకుంటవా?"

ఆయన మళ్లీ అడగలేదు. గోడవైపు తిరిగి, దుప్పటి దారాలు ఒక్కొక్కటే లాగుతూ పడుకునేవాడు. పది రోజులు గడిచాయి. పదకొండో పొద్దున పోయాడు. స్నానం చేయించేటప్పుడు చూస్తే దుప్పటికి అరచెయ్యంత కంత పడి ఉంది. ఎల్లవ్వ ఆ దుప్పటి మడిచి పెట్టింది. కంట తడి రాలేదు. బండగుండె అన్నారు వచ్చినవాళ్లు. అననీ అనుకుంది. అంతకు మించి ఏమీ అనిపించలేదు.

దినాలయ్యాక మిగిలిన గోలీలు టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఆస్పత్రికి పోయింది. విజయశ్రీ ఒకసారి లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టి, కలం పక్కన పెట్టింది.

"పది దినాలకు అరవై పోతే, ఇరవై నాలుగుండాలె. నలభై ఎక్కువున్నయమ్మా." కలం మళ్లీ అందుకుని, "కక్కుకున్నడా? మింగలేకపోయిండా? చానామందికి గట్లయితది. గట్లనే రాయాల్నా?" అంది.

అవునంటే అయిపోయేది. ఆ మాట ఎల్లవ్వ నాలుక చివరిదాకా వచ్చింది. గోలీ చూడగానే బుగ్గయ్య నోరు తెరిచే తీరు కళ్ల ముందుకొచ్చింది.

"ఇచ్చినవన్నీ మింగిండు. నేనే ఇయ్యలే. మత్తని ఇయ్యలే. గదే రాయి."

"నన్నొక్క మాట అడగకపోతివి గదమ్మా" అంది విజయశ్రీ, మెల్లగా.

అడిగితే నోరు అరిగిపోతుందా? ఎల్లవ్వకు అరిగిపోయేది. చూపించిన చోట సంతకం పెట్టింది. ఎప్పటిలాగే అది వంకర పోలేదు.

మర్నాడు మెస్సులో, రేణుక ప్లేటు ముందు ఎల్లవ్వ అన్నం గిన్నెతో నిలబడింది.

"ఆ దినం కానీ అన్నవ్. కానీ ఏంది?"

రేణుకకు గుర్తు రావడానికి కొంచెం పట్టింది. "మార్ఫినా? అంత నొప్పికి దాన్ని మించిన మందు లేదు పెద్దమ్మా. గందుకే చట్టం దాన్ని పూరా బంద్ చెయ్యలే, తాళం పెట్టింది, అంతే. డాక్టర్ చెప్పినట్టిస్తే భయం లేదు. ఎవరికి?"

"మా ఆయనకు."

రేణుక చెయ్యి ప్లేట్లోనే ఆగిపోయింది.

"ఇంకోసారి చెప్పు" అంది ఎల్లవ్వ.

రేణుక మళ్లీ చెప్పింది. వింటూ ఎల్లవ్వ అన్నం వడ్డించింది. "చాలు పెద్దమ్మా" అని ఆ పిల్ల చెయ్యి అడ్డం పెట్టినా, వడ్డిస్తూనే ఉంది.